డేటాబేస్ బదులు ఎస్3: షాపు బిల్లులకు భేష్, స్టాకుకు వద్దు

హైదరాబాద్‌లో టిఫిన్ సెంటర్లకో మెడికల్ షాపులకో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చాలామంది మొదటిరోజే ఇరవై నాలుగ్గంటలూ నడిచే డేటాబేస్ సర్వర్ అద్దెకు తీసుకుంటారు. రాత్రి షట్టర్ దించేశాక కూడా దాని మీటరు తిరుగుతూనే ఉంటుంది. తీరా అందులో ఉండేదంతా చూస్తే, ఒకసారి రాసి, ఆడిటర్ అడిగినప్పుడు తప్ప ముట్టుకోని బిల్లులే. అలాంటి డేటాకు, ఫైళ్లను ఇంటర్నెట్‌లో అద్దెకు దాచే సర్వీసైన అమెజాన్ ఎస్3 చక్కగా సరిపోతుంది. అందులో దాచిన ఒక్కో ఫైలును ఆబ్జెక్టు అంటారు.

2022 నవంబరు నుంచి ఏడబ్ల్యూఎస్‌కు (అమెజాన్ క్లౌడ్ విభాగం) హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే డేటా సెంటర్ల కేంద్రం ఉంది. పేరు ఏపీ-సౌత్-2, అందులో మూడు అవైలబిలిటీ జోన్లు (విడివిడి డేటా సెంటర్ల గుంపులు). అయితే ఇది ముంబైలా ముందే తెరిచి ఉండదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో దీన్ని ఎనేబుల్ చేశాకే బకెట్ (ఫైళ్లు ఉంచే డబ్బా) తయారవుతుంది.

ఖర్చు దగ్గర అందరూ గిగాబైట్లు చూస్తారు. చూడాల్సింది రిక్వెస్టులు. స్టాండర్డ్ క్లాసులో గిగాబైటుకు నెలకు సుమారు 2.5 సెంట్లు, వెయ్యి పుట్‌లకు (ఫైలు రాసే రిక్వెస్టులకు) అర సెంటు. పది కౌంటర్లు కలిపి రోజుకు 6,000 బిల్లులు, ఒక్కోటి 2 కేబీ అనుకుందాం. నెలకు 1,80,000 బిల్లులు. డేటా మొత్తం 360 ఎంబీ, దాచడానికి ఒక సెంటు కూడా కాదు. బిల్లుకో పుట్ చొప్పున రాస్తే మాత్రం 90 సెంట్లు. అంటే సరుకు కంటే ఆటో కిరాయి వంద రెట్లు! ఐదు నిమిషాలకోసారి కౌంటరుకు ఒక ఫైలు చొప్పున పంపితే, రోజుకు 16 గంటల లెక్కన అది 29 సెంట్లకు దిగుతుంది. మరి ఆ ఐదు నిమిషాల్లో కరెంటు పోతే? అందుకే బిల్లు ముందు కౌంటర్ మెషీన్‌లోని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పడాలి. ఎస్3 నుంచి 200 (అందింది) అనే జవాబు వచ్చాకే అక్కడ తుడవాలి.

చదివేటప్పుడు ఇబ్బంది డబ్బుతో కాదు, టైముతో. చిన్న ఆబ్జెక్టు మొదటి బైటు రావడానికే 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. 6,000 బిల్లులు విడివిడిగా ఉంటే, ఒకదాని తర్వాత ఒకటి చదవడానికి పది నిమిషాలకు తక్కువ కాదు. రాత్రి ఒక జాబ్ పెట్టి రోజు ఫైళ్లన్నీ ఒకే పార్కే ఫైలుగా (డేటాను కాలమ్స్ వారీగా దాచే ఫార్మాట్) కలపండి. డక్‌డీబీ అనే క్వెరీ టూల్ దాని చివరనున్న ఫుటర్ (ఏ కాలమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక) చదివి, కావలసిన కాలమ్స్ మాత్రమే తెచ్చుకుంటుంది.

కీ, అంటే ఆబ్జెక్టుకు పెట్టే పేరే ఇక్కడ ఇండెక్స్ (వెతుక్కునే పట్టిక). బ్రాంచ్, తేదీ, కౌంటర్, వరుస సంఖ్య అనే క్రమం బాగుంటుంది, ఎందుకంటే లిస్ట్ కాల్ అక్షర క్రమంలోనే, విడతకు 1,000 కీలే ఇస్తుంది. తేదీని భారత కాలమానంలో మీరే రాయండి. ఎస్3 వేసే టైమ్‌స్టాంప్ యూటీసీలో (మన టైము కంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది కాబట్టి, దాన్ని నమ్ముకుంటే అర్ధరాత్రి దాటాక కొట్టిన బిర్యానీ బిల్లులన్నీ తెల్లవారి 5:30 దాకా నిన్నటి ఖాతాలోకే పోతాయి. కీలో తెలుగు లిపి వాడొచ్చు గానీ ఒక్కో గుర్తుకు 3 బైట్లు, కీ మొత్తానికి పరిమితి 1,024 బైట్లు.

ఫోన్ నంబరుతో బిల్లు వెతకాలంటే దానికి వేరే ఆబ్జెక్టు రాసుకోవాలి. రెండు ఆబ్జెక్టులను కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా (పడితే రెండూ, లేకుంటే ఏదీ కాదు అన్నట్టు) రాసే వీలు లేదు. ముందు బిల్లు, తర్వాత ఇండెక్స్ రాయండి. మధ్యలో తెగిపోయిన ఇండెక్సులను రాత్రి జాబ్ సరిచేస్తుంది.

2020 డిసెంబరు నుంచి, రాసింది వెంటనే చదివితే కొత్తదే వస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఇఫ్-నన్-మ్యాచ్ అనే షరతు ఇంకా విలువైనది: ఆ కీ అప్పటికే ఉంటే రాయనివ్వదు, 412 (షరతు కుదరలేదు) అనే ఎర్రర్ ఇస్తుంది. నెట్ తెగి అదే ఫైలును మళ్లీ పంపినప్పుడు 412 వస్తే కంగారు పడొద్దు, చాలాసార్లు మొదటిసారే చేరిందని అర్థం. ఈట్యాగ్ (ఆబ్జెక్టుకు ఎస్3 వేసే గుర్తింపు ముద్ర) పోల్చుకుని ముందుకు సాగండి.

అదే ఏడాది నవంబరులో ఇఫ్-మ్యాచ్ కూడా వచ్చింది: మీరిచ్చిన ఈట్యాగ్ ఇంకా అదే అయితేనే రాయనిస్తుంది. దాంతో స్టాకు లెక్క నడపొచ్చు కదా అనిపిస్తుంది. చదివి, మార్చి, పాత ఈట్యాగ్‌తో రాయడం. ఒక్క కౌంటరుకైతే నడుస్తుంది. పది కౌంటర్లు ఒకే ఆబ్జెక్టు మీద పడితే ఒకరిది నిలిచి మిగతావాళ్లకు 412లు వస్తాయి. వాళ్లు మళ్లీ చదివి మళ్లీ రాసేలోపు మరొకరు మార్చేస్తారు. కస్టమర్ కౌంటర్ ముందు నిలబడే ఉంటాడు. స్టాకు, ఖాతా అరువులు పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్‌లోనే ఉండనివ్వండి.

ఏడబ్ల్యూఎస్ బిల్లును చాటుగా పెంచేవి రెండున్నాయి. వెర్షనింగ్ (పాత కాపీలనూ దాచడం) ఆన్ చేస్తే మార్చిన ప్రతిసారీ పాత కాపీకీ అద్దె పడుతుంది. కాబట్టి పాత వెర్షన్లు తీసేసే లైఫ్‌సైకిల్ రూల్ అదేరోజు పెట్టండి. మీ సర్వర్ ప్రైవేట్ సబ్‌నెట్‌లో (ఇంటర్నెట్‌కు నేరుగా దారిలేని నెట్‌వర్క్ భాగం) ఉంటే ట్రాఫిక్ నాట్ గేట్‌వే అనే బయటిదారి గుండా వెళ్లి, గిగాబైటు చొప్పున ఛార్జీ పడుతుంది. ఎస్3కి నేరుగా దారి ఇచ్చే గేట్‌వే ఎండ్‌పాయింట్ ఉచితం, మీ నెట్‌వర్క్ రూట్ టేబుల్‌లో (ఏ ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక) చేరిస్తే చాలు.