కర్నూల్లో బండి లేకుండా ఏడాది: పల్లెవెలుగు బస్సుకూ, నడకకూ నా రివ్యూ

గత ఉగాదికి మా స్కూటీ అమ్మేశాం. ఇంజను పాడైంది, మెకానిక్ చెప్పిన లెక్క విని మా ఆయన "ఇంకొంచెం కలిపితే సెకండ్‌హ్యాండ్‌లో వేరే బండే వస్తుంది" అన్నారు, నేనేమో రెండు నెలలు బస్సులో పోయి చూస్తా, కుదరకపోతే అప్పుడు కొందాం అన్నాను. ఆ రెండు నెలలు ఏడాదైంది. కారు మాకు ఎప్పుడూ లేదు. ఇల్లు సి.క్యాంపు పక్కన, ఉద్యోగం ఓర్వకల్లు వైపు బడిలో, పోను 20 కిలోమీటర్ల పైచిలుకు. "బండి లేకుండా ఎట్లా తిరుగుతున్నావు మేడం?" అని స్టాఫ్‌రూములో కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నా, కర్నూల్లో ఉండి ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని.

ముందే చెప్పేస్తా. బస్సు బాగుంది. బస్సు దాకా నడిచే దారే బాగాలేదు.

బస్సుకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. నంద్యాల రోడ్డు మీద పొద్దున బస్సులకు కొదవ లేదు, ఒకటి తప్పితే ఇంకొకటి. పల్లెవెలుగు అంటే చాలామందికి చిన్నచూపు, ప్రతి ఊరికీ ఆగుతుంది, లేటు అవుతుంది అని. ఆగుతుంది, నిజమే. స్కూటీ మీద నలభై నిమిషాల్లో పోయేదాన్ని, ఇప్పుడు ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా గంటా పది పడుతోంది. కానీ ఆ నలభై నిమిషాలూ లారీల పక్కన హ్యాండిల్ బిగబట్టుకుని, హైవే గాలికి బండి పక్కకు ఊగుతుంటే భుజాలు బిగుసుకుపోయి, బడికి చేరేసరికే అలసిపోయేదాన్ని. ఇప్పుడు సీటు దొరికితే పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఒకసారి తిరగేసుకుంటా, లేదంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటా. నోటుబుక్కులు దిద్దుదామని మొదట్లో ప్రయత్నించా, కుదుపులకు ఎర్రపెన్ను గీత ఎటో పోతుంది, ఆ పని పెట్టుకోకండి.

సీటు సంగతి ఒకటి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. నంద్యాల వైపు పోయేటప్పుడు పొద్దున ఎండ ఎడమ కిటికీల్లోంచి కొడుతుంది. సాయంత్రం కర్నూలుకు తిరిగొచ్చేటప్పుడు పొద్దు పడమటికి దిగి ఉంటుంది కాబట్టి మళ్లీ ఎడమ పక్కే ఎండ. అందుకని పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా డ్రైవరు పక్క వరసలో కూర్చోండి. మార్చి నెలలో ఎడమ పక్క కూర్చుని దిగేసరికి ఒక చెంప మండిపోయి, ఇంటికొచ్చి చన్నీళ్ల గుడ్డ వేసుకున్నాక గానీ నాకు ఈ సంగతి అర్థం కాలేదు.

డబ్బుల విషయం. స్కూటీకి రోజుకు దాదాపు ఒక లీటరు, లీటరు 110 రూపాయలకు అటూఇటూ, నెలకు 24 పనిదినాలు అనుకున్నా పెట్రోలే 2,600 దాటేది. సర్వీసింగు, టైర్లు వేరే. బస్సు మొదలుపెట్టినప్పుడు టికెట్ కొనేదాన్ని, అప్పుడే ఆ ఖర్చు చాలా తగ్గింది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక నా చార్జీ సున్నా అయింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల బస్సుల్లోనే ఉచితం, ఆధార్ లాంటి కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. సూపర్ లగ్జరీకి, ఏసీకి వర్తించదు. మన ఊరి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి, ఇది రాష్ట్రం లోపల ప్రయాణానికే. తుంగభద్ర దాటితే తెలంగాణ, కాబట్టి అలంపురం జోగులాంబ దగ్గరికి పోవాలంటే టికెట్ కొనాల్సిందే.

ఉచితం అయ్యాక రద్దీ పెరిగింది, దాన్ని దాచను. నిలబడి పోయే రోజులు ఎక్కువయ్యాయి. కానీ నాకు బాగా గుర్తుండిపోయిన ఒక ముసలమ్మ ఉంది. ఓర్వకల్లులో ఎక్కింది, చేతిలో ఒక గుడ్డసంచి, అందులో మందుల చీటీలు, ఎక్స్‌రే కవరు. పెద్దాసుపత్రికి పోతున్నా అంది. కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నడుముకున్న చిక్కం విప్పి, అందులో పది రూపాయల నోట్ల పక్కన పెట్టుకుని మళ్లీ దారం బిగించింది. "ఇంతకుముందు నెలకోసారి రమ్మంటే రెండు నెలలకోసారి పోయేదాన్నమ్మా, చార్జీలకే అయిపోయేది" అంది. ఆ రోజు నేను కర్నూలు దాకా నిలబడే వచ్చాను, నాకు కాళ్ల నొప్పి గుర్తే లేదు.

ఇప్పుడు నడక. మా ఇంటి నుంచి స్టాపుకు కిలోమీటరు పైనే, పదిహేను నిమిషాలు. దీనికి ఐదుకు రెండు. ఆ రెండూ కాలనీ లోపలి రోడ్లకు, అక్కడ వేపచెట్లు, కానుగచెట్లు ఉన్నాయి, పొద్దున ఏడున్నరకు హాయిగా ఉంటుంది, ముగ్గులు చూసుకుంటూ పోవచ్చు. మెయిన్ రోడ్డుకు వచ్చామంటే అవస్థ మొదలు. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద బండ్లు పెడతారు, షాపుల బోర్డులు పెడతారు, ఇంకొంచెం ముందుకు పోతే మురిక్కాలువ మీద పరిచిన బండలే ఫుట్‌పాత్. శ్రావణమాసంలో ఒకరోజు ఒక షాపు ముందు అట్లాంటి బండ మీద కాలు పెట్టా. అది ముందే పగిలి ఉంది, పైన మట్టి కప్పేసి ఉండటంతో కనపడలేదు. కాలు మోకాలు దాకా లోపలికి పోయింది. పక్కన బొరుగులు అమ్మే అన్న పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టి పైకి లాగాడు, కాలు కడుక్కోవడానికి తన క్యాను నీళ్లు పోశాడు. మడమ వాచి పది రోజులు బడికి సెలవు. ఏడాదిలో బస్సు వల్ల నాకు ఒక్క దెబ్బ తగల్లేదు, తగిలిన దెబ్బ నడిచే దారిలోనే తగిలింది. మనూళ్లో ప్రతి బస్సు ప్రయాణం నడకతోనే మొదలై నడకతోనే ముగుస్తుంది. అలాంటప్పుడు ఆ నడిచే నాలుగడుగుల జాగా ఎవరికీ పట్టకపోతే ఎట్లా?

రెండో బాధ, నీడ. నేను ఎక్కే చోట షెల్టరు లేదు, చెట్టు లేదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ గురించి కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు, 42 డిగ్రీలు మనకు కొత్త కాదు. సాయంత్రం నాలుగున్నరకు దిగితే తారు వేడి చెప్పుల అట్టలోంచి పాదానికి తెలుస్తుంది. కరెంటు స్తంభం నీడ ఉంటుంది చూడండి, సన్నగా, ఆ నీడలో ఐదారుగురం ఒకరి వెనక ఒకరం వరసగా నిలబడతాం. పొద్దు జరిగేకొద్దీ ఆ వరస కూడా జరుగుతుంది. గొడుగు, నీళ్ల బాటిలు లేకుండా బయటికి పోకండి. దిగాక ఒక గ్లాసు నన్నారి తాగితే ఇంటిదాకా నడిచే ఓపిక వస్తుంది.

నడకకు ఫుల్ మార్కులు వేసేది ఒక్కచోటే, పాతూరు. ఆదివారం కొండారెడ్డి బురుజు దగ్గర దిగి, అక్కడి నుంచి సందుల్లో పడి సామాన్లు, బట్టలు, కుట్టుపని సరుకు అన్నీ కాలినడకనే కొనుక్కుంటాం నేనూ మా పాపా. ఆ వీధులు మోటారు బండ్లు రాకముందు పుట్టిన వీధులు, మనిషి కొలతకు ఉన్నాయి, ఒక పక్క ఎండ ఉంటే ఇంకో పక్క ఇళ్ల నీడ ఉంటుంది. స్కూటీ ఉన్న రోజుల్లో బండి ఎక్కడ పెట్టాలి, ఎవరైనా గీత పెడతారేమో అనే టెన్షన్‌తో సగం పనులు వదిలేసి వచ్చేదాన్ని. బియ్యం మూట లాంటి బరువులు మాత్రం షాపువాళ్లు ఇంటికే పంపుతారు.

కుదరనిది కూడా చెప్పాలి. రాత్రి తొమ్మిది దాటితే కష్టం. మా అత్తమ్మకు ఒక రాత్రి వాన పడుతుండగా ఆయాసం వచ్చింది, ఒక ఆటో మామూలుగా తీసుకునేదానికి మూడింతలు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చాను. అప్పటి నుంచి మా వీధి చివర ఉండే ఆటో భాయ్ నంబరు ఫ్రిజ్ మీద అంటించాం, ఆయన ఎన్నింటికి పిలిచినా వస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇలాంటి మనిషి ఒకరిని చూసుకున్నాకే బండి అమ్మండి. షేర్ ఆటోలు పగలు పర్వాలేదు, కానీ డ్రైవరు పక్కన వేలాడాల్సి వస్తే ఎక్కను, తర్వాతది చూసుకుంటా.

స్టాపు దగ్గర షెల్టరు వేయాలని, రెండు వేపమొక్కలకు జాగా ఇవ్వాలని, పగిలిన బండలు మార్చాలని మేం రోజూ ఎక్కేవాళ్లం కలిసి అర్జీ రాసుకున్నాం. వచ్చే సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునేటప్పుడు ఇస్తాం. ఇప్పటికి 31 సంతకాలు అయ్యాయి. చేయాలనుకునేవాళ్లు పొద్దున ఎనిమిదిలోపు స్టాపుకు రండి, కాగితం నా దగ్గరే ఉంది, పెన్ను కూడా తెస్తాను.