పాత జాస్కర్‌కు కొత్త రైడాన్ ఫోర్కు: ముందు ఎత్తు కొలవండి

పాత 26 అంగుళాల మౌంటెన్ సైకిలుకు కొత్త సస్పెన్షన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే భాగం) వెతుకుతున్నవారికి మొదటి మాటగా చెబుతున్నాను. ఎస్ఆర్ సన్‌టూర్ వారి రైడాన్ ఫోర్కు, 26 అంగుళాల చక్రానికి సరిపోయేది, నిటారు స్టీరర్ ట్యూబుతో (ఫోర్కు పైన ఉండి ఫ్రేములోకి దూరే గొట్టం), 100 మిల్లీమీటర్ల ట్రావెల్‌తో (ఫోర్కు కుంగగలిగే దూరం) ఎక్కడ కనబడినా తీసుకోండి. అదే ఫోర్కు 120 మిల్లీమీటర్లది పక్కనే సగం ధరకు ఉన్నా దాని జోలికి పోవద్దు. ఆ 20 మిల్లీమీటర్ల తేడా ఎందుకంత ముఖ్యమో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాది 1990ల నడిమి నాటి జీటీ జాస్కర్ ఫ్రేము. 1991లో మొదలైన ఈ మోడల్‌ను కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్లు ఇప్పటికీ ఆగి చూస్తారు. రంగు వేయకుండా నున్నగా మెరుగుపెట్టిన అల్యూమినియం. వెనక చక్రం నుంచి పైకి వచ్చే సన్న గొట్టాలు సీటు గొట్టం దగ్గర ఆగిపోకుండా, దాన్ని దాటి ముందుకు వెళ్లి పై గొట్టానికి అతుక్కుంటాయి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తూ దీన్ని అమ్మేశారు. ఫ్రేములో ఒక్క పగులు లేదు, ఒక్క సొట్ట లేదు. ఫోర్కు పని మాత్రం అయిపోయింది. ఆ రోజుల్లో చాలా ఫోర్కుల్లో స్ప్రింగు బదులు ఎలాస్టోమర్ (రబ్బరు లాంటి పదార్థం) దిమ్మెలు ఉండేవి. విప్పి చూస్తే అవి వానాకాలంలో చెమ్మగిల్లిన బెల్లంలా వేళ్లకు అంటుకుపోయాయి. ముప్పై ఏళ్లు నిలవాలని ఆ పదార్థాన్ని ఎవరూ చేయలేదు కాబట్టి దాన్ని తప్పుపట్టను.

ఇప్పుడు దుకాణాల్లో కనిపించే మంచి ఫోర్కుల్లో ఎక్కువ భాగం ఇలాంటి ఫ్రేముకు పట్టవు. వాటి స్టీరర్ ట్యూబు కింద 1.5 అంగుళాలు, పైకి వచ్చేసరికి 1.125 అంగుళాలు. టేపర్డ్ అంటారు. ముందు హబ్బు (చక్రం నడిమి భాగం) వెడల్పు 110 మిల్లీమీటర్లు, దానిలోంచి 15 మిల్లీమీటర్ల లావు యాక్సిల్ (ఇరుసు). చక్రాలేమో 29 లేదా 27.5 అంగుళాలవి. జాస్కర్‌కు కావలసింది పై నుంచి కింది దాకా 28.6 మిల్లీమీటర్లే ఉండే నిటారు గొట్టం, 100 మిల్లీమీటర్ల హబ్బు, మామూలు క్విక్ రిలీజ్ (మీటతో బిగించే సన్న ఇరుసు).

అడాప్టర్ వేస్తే టేపర్డ్ ఫోర్కు కూడా పడుతుందని ఒక దుకాణంలో గట్టిగా చెప్పారు. ఇది సగం నిజం. హెడ్ ట్యూబు (ఫ్రేము ముందు భాగంలో స్టీరర్ ట్యూబు దూరే గొట్టం) లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లు ఉన్న ఫ్రేములకు, కింద బయటికి పొడుచుకు వచ్చే కప్పు వేసి టేపర్డ్ ఫోర్కును నిక్షేపంగా బిగించవచ్చు. 1990ల ఫ్రేముల్లో ఎక్కువగా ఉండేది 34 మిల్లీమీటర్లు. 38 దాటిన గొట్టం 34లోకి ఏ అడాప్టరు పెట్టినా దిగదు. హెడ్‌సెట్ (స్టీరర్ ట్యూబు తిరిగే బేరింగులు) కప్పులు ఊడదీసి వెర్నియర్ కాలిపర్స్‌తో ఆ ఒక్క కొలత చూసుకున్నాకే డబ్బు బయటికి తీయండి.

అసలు విషయం ఎత్తు. చక్రం యాక్సిల్ మధ్య నుంచి క్రౌన్ (ఫోర్కు రెండు కాళ్లూ కలిసే పై భాగం) మీద బేరింగు రేసు (బేరింగు ఆనే రింగు) కూర్చునే చోటు దాకా కొలిస్తే, నా పాత ఫోర్కు 44 సెంటీమీటర్ల లోపు ఉంది. 100 మిల్లీమీటర్ల రైడాన్ 48కి దగ్గరగా వచ్చింది. ఈ సైజు సైకిలుకు ముందు భాగం 2 సెంటీమీటర్లు లేస్తే హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబు నేలతో చేసే కోణం) ఇంచుమించు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. అంటే 71 డిగ్రీలకు గీసిన ఫ్రేము 69కి వచ్చింది. అయితే మనిషి ఎక్కి కూర్చున్నాక కొత్త ఫోర్కు పాతదాని కన్నా ఎక్కువ కుంగుతుంది. 100 మిల్లీమీటర్ల ట్రావెల్‌లో 20 నుంచి 25 దాకా ఒంటి బరువుకే కుంగేలా ఈ ఎయిర్ ఫోర్కులో (స్ప్రింగు బదులు గాలి ఒత్తిడితో పనిచేసేది) గాలి పెట్టుకుంటాం. కాబట్టి నడిపేటప్పుడు తేడా డిగ్రీన్నర దగ్గర ఆగుతుంది. దిగుడు దారిలో ఇది లాభమే. ముందు చక్రం కాస్త దూరం జరుగుతుంది, హ్యాండిల్ మీదుగా తలకిందులు అవుతామన్న భయం తగ్గుతుంది. ఎగుడు దారిలో మాత్రం ముందు చక్రం తేలికై అటూ ఇటూ పోతుంది. సీటు గొట్టం కూడా అంతే వాలుతుంది కనుక సీటును పట్టాల మీద సెంటీమీటరు ముందుకు జరిపాను, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టుకునే భాగం) కింద ఉన్న స్పేసర్లు (ఎత్తు సర్దే రింగులు) తీసి పైన వేశాను. దానితో ఎగుడు తొక్కడం దారికి వచ్చింది.

120 మిల్లీమీటర్ల ఫోర్కు పెడితే ఇదంతా చేయి దాటిపోతుంది. వాలు ఇంకో డిగ్రీ పెరుగుతుంది, పెడళ్లు నేల నుంచి ఇంకా పైకి లేస్తాయి. అంతకన్నా నన్ను భయపెట్టేది హెడ్ ట్యూబు వెనక, కింది గొట్టం అతుకు. ఫోర్కు పొడుగయ్యేకొద్దీ రాయి తగిలినప్పుడు ఆ అతుకు మీద పడే వంచే బలం పెరుగుతుంది. జాస్కర్‌ను గీసినవాళ్లు అంత పొడుగు ఫోర్కును లెక్కలోకి తీసుకోలేదు. అల్యూమినియం పగులు చాలాసార్లు వెంట్రుక మందాన మొదలవుతుంది, ఆ తర్వాత హెచ్చరిక లేకుండా తెగుతుంది. ఎక్కువ ట్రావెల్ ఉంటే ఎక్కువ సుఖమని చెప్పి పాత ఫ్రేములకు పొడుగాటి ఫోర్కులు అమ్మేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. మీ ఫ్రేము ఇంకా పాతదై, 6 సెంటీమీటర్ల ట్రావెల్‌కే చేసినదైతే 100 కూడా ఎక్కువే. చాలా ఎయిర్ ఫోర్కుల్లో లోపలి రాడ్డుకు స్పేసర్ తొడిగి ట్రావెల్ తగ్గించుకోవచ్చు. 80కి దించుకోండి.

బిగించడం ఇంట్లోనే చేశాను. మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. బేరింగు ఎక్కించేటప్పుడు కంటిని కాదు, చెవిని నమ్మమనేవారు. క్రౌన్ రేసు ఎక్కించడానికి స్టీరర్ ట్యూబు మీద వదులుగా జారే పీవీసీ గొట్టం తీసుకుని, దాని పై అంచు మీద సుత్తితో చుట్టూ సమంగా తట్టుకుంటూ వచ్చాను. రేసు దిగుతున్నంతసేపూ మొద్దు శబ్దం వస్తుంది. పూర్తిగా కూర్చున్న క్షణాన అదే దెబ్బకు ఖంగుమని మోగుతుంది. అక్కడితో ఆపాలి. కొత్త ఫోర్కు క్రౌన్ మీద 30 మిల్లీమీటర్ల రేసు బిగువుగా, ఏ పక్కకూ వాలకుండా కూర్చుంది. చౌక ఫోర్కుల్లో ఈ చోటు అన్నిసార్లూ ఇంత శుభ్రంగా ఉండదు.

స్టీరర్ ట్యూబు కోసేముందు హెడ్‌సెట్, స్పేసర్లు, స్టెమ్ అన్నీ తొడిగి గుర్తు పెట్టండి. ఆ గుర్తుకు 3 మిల్లీమీటర్లు కిందగా కోయాలి. లేకపోతే పై మూత బిగించినా బేరింగులకు ఒత్తిడి అందదు. గొట్టం చుట్టూ టేపు అంటించి దాని అంచు వెంట హాక్సాతో కోశాను, ఆకురాయితో లోపలా బయటా గరుకు తీశాను.

ఖర్చు పెరిగేది బ్రేకు దగ్గర. నేను కొన్న రైడాన్‌కు వీ బ్రేకు (చక్రం అంచును నొక్కే బ్రేకు) పిన్నులు లేవు, డిస్కు బ్రేకుకు మాత్రమే చోటుంది. అంటే పాత ముందు చక్రం మూలన పడినట్టే. డిస్కు హబ్బు ఉన్న 26 అంగుళాల చక్రం, 160 మిల్లీమీటర్ల డిస్కు కొత్తగా కొనాలి. ఫోర్కుకు నాకు 200 డాలర్ల పైచిలుకు పడితే, ఇవి కలిశాక లెక్క చాలా మారింది. ఇక్కడ కొంత ఆదా చేసుకునే మార్గం ఉంది. వీ బ్రేకు లీవర్లు కేబుల్‌ను ఎక్కువ దూరం లాగుతాయి. మౌంటెన్ సైకిళ్ల కోసం చేసిన కేబుల్ డిస్కు కాలిపర్లకు (డిస్కును నొక్కి పట్టే భాగం) అదే కావాలి. కాబట్టి పాత లీవర్లు అలాగే ఉంచి ముందు కేబుల్ డిస్కు, వెనక వీ బ్రేకు పెట్టాను. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే కనుక ఈ జోడీలో నాకు ఏ లోటూ కనిపించలేదు.

సాంటా తెరీసా కౌంటీ పార్కులో రాకీ రిడ్జ్ అనే దారి ఉంది. పేరుకు తగ్గట్టే దారి పొడవునా రాళ్లు తేలి ఉంటాయి. పాత ఫోర్కుతో అక్కడ ప్రతి రాయీ మోచేతి దాకా తెలిసేది. రైడాన్ 32 మిల్లీమీటర్ల లావు కాళ్లు (జారే పై గొట్టాలు) మలుపులో బ్రేకు పట్టినా వెనక్కి వంగుతున్నట్టు అనిపించలేదు, చక్రం చూసిన గీత మీదే వెళ్లింది. ఎక్కువ తేడా చూపింది రీబౌండ్ మర (కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని మార్చేది). పూర్తిగా వదిలేస్తే రాయి దాటగానే ముందు భాగం ఎగిరిపడుతుంది. పూర్తిగా బిగిస్తే వరుస రాళ్ల మీద ఫోర్కు లేచే వ్యవధి లేక కుంగి కుంగి గట్టిపడుతుంది. నడుమ నుంచి మొదలుపెట్టి రెండు క్లిక్కులు వదులు వైపు తిప్పితే నాకు కుదిరింది. మట్టిరోడ్డు ఎగుడులో లాకవుట్ (ఫోర్కు కుంగకుండా ఆపే ఏర్పాటు) వేసుకుంటే తొక్కిన బలం ఫోర్కు ఊగడానికి పోకుండా చక్రానికే వెళుతుంది. బరువు సుమారు రెండు కిలోలు. పాతదాని కన్నా ఎక్కువని చేత్తో ఎత్తితే తెలుస్తుంది, సైకిలు మీద పట్టించుకోను.

గాలి ఫోర్కుకు చిన్న షాక్ పంపు తప్పనిసరి. టైర్ల పంపుతో పని జరగదు. సుమారు 50 గంటల సవారీకోసారి కింది కాళ్లు (బయటి గొట్టాలు) జార్చి, సీళ్లు తుడిచి గ్రీజు పెట్టండి. అదే పూటలో గుడ్డతో హెడ్ ట్యూబు కింది అతుకు తుడిచి, టార్చి వేసి చూడండి.

స్టీరర్ ట్యూబు 1 అంగుళం ఉన్న ఫ్రేములకు, 1980ల స్టీలు ఫ్రేములకు నేను ఈ ఫోర్కు చెప్పను. చాలావరకు అవి సస్పెన్షన్ ఎత్తుకు గీసినవి కావు. వాటికి మంచి స్టీలు రిజిడ్ ఫోర్కు (సస్పెన్షన్ లేనిది), ఫ్రేములో పట్టేంత వెడల్పు టైరు పెట్టుకోండి.