పైథాన్‌లో లిస్టుకు రెండో పేరు పెట్టడమా, పైపై కాపీయా, డీప్ కాపీయా: ఏది మేలు?

మార్కులు = [72, 85, 90]
నకలు = మార్కులు

పైథాన్ 3లో తెలుగు పేర్లు చెల్లుతాయి, ఈ రెండు వరుసలూ ఇలాగే నడుస్తాయి. కానీ రెండో వరుసలోని పేరు అబద్ధం. అక్కడ నకలేమీ పుట్టలేదు, ఉన్న ఒక్క లిస్టుకే రెండో పేరు వచ్చింది. నకలు[0] = 10 అనగానే మార్కులు[0] కూడా 10 అయిపోతుంది.

రెండో పేరు చెడ్డదని కాదు. లిస్టులో పది లక్షల అంశాలున్నా దానికి ఖర్చు లేదు. చదవడం వరకే అయితే అదే మేలు. ఫంక్షన్‌కు లిస్టును పంపినా జరిగేది ఇదే. ఎక్కువమంది తడబడేది += దగ్గర. నకలు += [64] అంటే అదే లిస్టు పెరుగుతుంది, మార్కుల్లోనూ 64 చేరుతుంది. నకలు = నకలు + [64] అంటే వేరే లిస్టు తయారై, నకలు అనే పేరు దానికి మారుతుంది; మార్కులు చెక్కుచెదరవు. సంఖ్యలకూ స్ట్రింగులకూ ఈ బెడద లేదు, వాటిని ఉన్నచోటే మార్చే వీలు లేదు కాబట్టి.

మార్చబోతున్నారా? నకలు = మార్కులు[:] అని రాయండి, ఇదే పైపై కాపీ. సంఖ్యల లిస్టుకు ఇది చాలు. లిస్టులో లిస్టులుంటే మాత్రం చాలదు: బయటి లిస్టు ఒక్కటే కొత్తది, లోపలివి పాతవే. గడులు = [[0] * 3] * 3 లో ఉన్న చిక్కూ ఇలాంటిదే. మూడు వరుసలూ నిజానికి ఒకే లిస్టు, గడులు[0][0] = 1 అంటే మూడింట్లోనూ మొదటి గడి 1 అవుతుంది.

అక్కడ చాలామంది నేరుగా డీప్ కాపీకి (copy.deepcopy) వెళ్తారు. అది లోపలివన్నీ కాపీ చేస్తుంది, తనను తానే కలిగి ఉన్న లిస్టు ఎదురైనా తిరుగుతూ ఉండిపోదు. కానీ నెమ్మది. లోపల తెరిచిన ఫైలో, లాకో (రెండు పనులు ఒకేసారి ఒకే డేటాను తాకకుండా ఆపేది) ఉంటే టైప్ ఎర్రర్ ఇస్తుంది. రెండంతస్తుల లిస్టే అయితే, లిస్ట్ కాంప్రహెన్షన్‌లో ఒక్కో వరుసకూ [:] పెట్టడం నయం: [వరుస[:] for వరుస in గడులు]. అంతస్తులెన్నో ముందే తెలియని డేటాకు డీప్ కాపీ ఉంచుకోండి, దాన్ని లూపు లోపల మాత్రం పెట్టకండి.

ఏది ఎంచుకున్నా పేరు నిజం చెప్పాలి. నకలు, బ్యాకప్ లాంటి పేరు ఎడమవైపు కనిపిస్తే కుడివైపు నిజంగా కాపీ జరిగి తీరాలి. లేకపోతే పొరపాటు జరిగాక వెనక్కి తెచ్చుకోవడానికి అసలు విలువలే మిగలవు. అనుమానమొస్తే == వాడకండి, అది విలువలు సమానమా అనే చూస్తుంది. రెండు పేర్లూ ఒకే లిస్టువా అన్నది తేల్చేది ఈజ్ (is): నకలు is మార్కులు.