గిన్నెలో యాక్సిలరేటర్: మూడేళ్ల వాడకం తర్వాత

ఇంట్లో కణాల యాక్సిలరేటర్, అంటే ఛార్జి ఉన్న కణాలను విద్యుత్తుతో పరుగెత్తించే యంత్రం, కట్టాలన్న కోరిక పుట్టగానే నా కన్ను పాత పిక్చర్ ట్యూబు టీవీ మీద పడింది. అదీ యాక్సిలరేటరే మరి. వేడెక్కిన కాథోడ్ (రుణ ధ్రువం) నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లు 20,000 వోల్టుల ఊపుతో వచ్చి తెరను తాకుతాయి. కానీ స్విచ్ తీసేసినా ఆ గాజు బుడ్డి ఛార్జిని పట్టుకునే ఉంటుంది. పైగా లోపల శూన్యం కాబట్టి పగిలిందంటే గాజు పెంకులు లోపలికి కూలి, ఎగిరి మీద పడతాయి. వెనక మూత విప్పకుండానే దాన్ని పక్కన పెట్టి, గిన్నె యాక్సిలరేటర్ కట్టుకున్నాను.

దానికి కావలసినవి అర్ధగోళంలాంటి యాక్రిలిక్ గిన్నె, అల్యూమినియం టేపు, గ్రాఫైట్ రంగు పూసిన పింగ్‌పాంగ్ బంతి, చిన్న వాన్ డి గ్రాఫ్ జనరేటర్ (తిరిగే బెల్టుతో ఛార్జిని పైనున్న లోహపు గోళంలోకి చేరవేసే యంత్రం). ఖర్చంతా జనరేటర్‌దే. నాలుగు టేపు పట్టీలు గిన్నె అడుగున కలుస్తాయి, వాటికి ఎర్త్ ఇవ్వాలి. వాటి మధ్యన మరో నాలుగు అంచు నుంచి దిగి అడుగుకు చేరకముందే ఆగిపోతాయి, జనరేటర్ గోళం నుంచి వచ్చే తీగ వాటికి. బంతి ఛార్జి ఉన్న పట్టీని తాకి అదే ఛార్జి పుచ్చుకుంటుంది. వెంటనే ఆ పట్టీ దాన్ని నెడుతుంది, పక్కనున్న ఎర్త్ పట్టీ లాగుతుంది. అక్కడ ఛార్జి దిగిపోయినా వచ్చిన ఊపుతో ముందుకు దొర్లి తర్వాతి పట్టీని అందుకుంటుంది. మొదట ప్లాస్టిక్ స్కేలుతో చిన్న తోపు మాత్రం ఇవ్వాలి. అందులో నామోషీ ఏమీ లేదు, జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లోని 27 కిలోమీటర్ల పెద్ద యాక్సిలరేటర్ వలయానికి కూడా ప్రోటాన్లు ముందే వేరే యంత్రంలో 450 గిగా (గిగా అంటే వంద కోట్లు) ఎలక్ట్రాన్ వోల్టులు పుంజుకుని వస్తాయి. ఒక ఎలక్ట్రాన్ ఒక్క వోల్టు ఊపుతో పుంజుకునే శక్తే ఎలక్ట్రాన్ వోల్టు.

ఒక తేడా చూసేవాళ్లకు చెప్పి తీరాలి. అసలు యంత్రంలో కణం ఛార్జి మారదు, విద్యుత్ క్షేత్రమే అటూ ఇటూ తిరగబడుతుంది. ఇక్కడ వోల్టేజి స్థిరం, మారేది బంతి ఛార్జి.

మొదటి ఏడాది గడిచాక బంతి నీరసించింది. జనరేటర్ బెల్టు సాగిందనుకుని మార్చాను, లాభం లేదు. ఒక రాత్రి దీపాలార్పి చూస్తే సంగతి తెలిసింది. పట్టీల కోసు మూలల దగ్గర ఊదారంగు వెలుగు, సన్నని బుస. ఛార్జి అక్కడి నుంచే గాలిలోకి పోతోంది. మూలలన్నీ గుండ్రంగా కత్తిరించాను. టార్చి వేసి చూస్తే ఇంకొకటి కనబడింది. బంతి దొర్లిన దారి వెంట, పట్టీకీ పట్టీకీ మధ్య, బూడిదరంగు చార. అరిగిన గ్రాఫైట్ పొడి అది, ఛార్జి దాని మీదుగా నిక్షేపంగా ఎర్త్‌లోకి జారిపోతోంది. అక్కడ నేను తెలివి తక్కువ పని చేశాను. స్పిరిట్‌తో తుడిచాను. యాక్రిలిక్‌కు స్పిరిట్ పడదు, కొన్నాళ్లకే గిన్నె నిండా వెంట్రుకల్లాంటి పగుళ్లు. రెండో గిన్నెను పలుచని సబ్బు నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనిస్తున్నాను. గాజు గిన్నె వద్దు, దాని మీద తేమ పొరలా పట్టి ఛార్జి నిలవదు. ముసురు పట్టిన రోజున ఏ గిన్నె అయినా మొరాయిస్తుంది, ఆ రోజు వదిలేయడమే మంచిది.

భద్రత విషయానికొస్తే, వోల్టులు చూసి హడలిపోనక్కర్లేదు, లెక్క చూడాలి. నా జనరేటర్ గోళం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, దాని కెపాసిటీ, అంటే ఛార్జిని పట్టి ఉంచే సామర్థ్యం, సుమారు 11 పికోఫారడ్లు, చాలా తక్కువ. లక్ష వోల్టులకెక్కినా అందులో నిలిచేది 0.055 జౌలు. చురుక్కుమంటుంది, ఉలిక్కిపడతాం, అంతే. దానికి ఛార్జిని ఎక్కువగా నిలవచేసే లైడెన్ జాడీనో కెపాసిటర్‌నో తగిలిస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది, ఆ పని ఎన్నడూ చేయకండి. పేస్‌మేకర్ ఉన్నవారిని గదిలోకి రానివ్వను. ఫోను కూడా బయటే. ఆపాక ఎర్త్ కడ్డీ గోళానికి తాకించి ఆ తర్వాతే చేయి పెడతాను.

మంచి రోజున 2.7 గ్రాముల బంతి సెకనుకు మీటరు వేగం అందుకుంటుంది. ఆ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మారిస్తే దాదాపు 8,400 టెరా (టెరా అంటే లక్ష కోట్లు). సెర్న్‌లో ఒక్కో ప్రోటాన్‌కు దక్కేది 6.8 టెరా. మీసం మెలేసేలోపు గుర్తొస్తుంది, నా బంతిలో ఆ శక్తిని పంచుకునే ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకటి పక్కన 24 సున్నాలకు పైమాటే. ప్రస్తుతం నాలుగో బంతి నడుస్తోంది. ఈసారి గ్రాఫైట్ ఒకే దళసరి పూతగా కాక పలుచగా రెండుసార్లు వేశాను, చార ఇంకా కనబడలేదు.