వీబీఎస్ టీచర్ల ట్రైనింగ్ మూడు రోజులు: వెళ్లాలా వద్దా అనుకుంటున్నవాళ్లకి

పోయిన ఏప్రిల్‌లో మా ప్రకాశం జిల్లాలోనే జరిగిన వీబీఎస్ టీచర్ల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను. మూడు రోజులు, రెండు రాత్రులు, మనిషికి 700 రూపాయలు, అందులోనే భోజనాలు, పడక, మెటీరియల్ కిట్. మళ్లీ ఏప్రిల్ దగ్గర పడుతోంది. మా సంఘంలో ఇద్దరు చెల్లెళ్లు "అక్కా, మా వల్ల అవుతుందంటావా" అని అడుగుతున్నారు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుందని కూర్చున్నా. నడిపినవాళ్ల పేరు రాయను, ఎందుకంటే ఇబ్బందులు కూడా చెప్తాను. ఇలాంటి ట్రైనింగులు వేసవికి ముందు చాలాచోట్ల జరుగుతాయి, మీ పాస్టర్ గారిని అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు.

తెలియనివాళ్లకి ఒక్క మాట. వీబీఎస్ అంటే వెకేషన్ బైబిల్ స్కూల్, ఎండాకాలం సెలవుల్లో ఓ పది రోజులు పొద్దున పూట పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు, కథ, కంఠత వాక్యం, ఏదో ఒక క్రాఫ్ట్, ఇంటికెళ్లేటప్పుడు బిస్కెట్ ప్యాకెట్. 1898లో న్యూయార్క్‌లో వర్జీనియా హాస్ అనే ఆవిడ వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకి తీసుకుని ఇలాంటి స్కూలు నడిపిందని మొదటి రోజే చెప్పారు. ఇప్పుడు మన పల్లెల్లో రేకుల షెడ్డు కింద కూడా జరుగుతోంది.

ట్రైనింగ్ ఎలా ఉందో చెప్పాలంటే నేను ఏ భయంతో వెళ్లానో ముందు చెప్పాలి, లేకపోతే నేను దేన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. నేను పుట్టుకతో క్రైస్తవురాలిని కాను. బాప్తిస్మం తీసుకుని అప్పటికి మూడేళ్లు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను, మా సందులో పిల్లలు గుడ్డ పీలికల కోసం వచ్చి మిషన్ చుట్టూ కూర్చుంటారు, వాళ్లకి పని చేసుకుంటూనే నాకు తెలిసిన రెండు మూడు కథలు చెప్పేదాన్ని. అది చూసి పాస్టరమ్మగారు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆపి, "దేవుడు నీకు పిల్లల భారం ఇచ్చాడమ్మా, ఈ ఏడు వీబీఎస్‌లో ఒక క్లాసు నువ్వు తీసుకో" అన్నారు. నా వల్ల కాదన్నాను. రెండోసారి అడిగితే కుట్టు పని ఎక్కువుందని చెప్పాను. పని ఎక్కువేం లేదు.

అసలు సంగతి హబక్కూకు, బైబిల్లో ఒక చిన్న పుస్తకం. అంతకుముందు ఒక శుక్రవారం కూడికలో అయ్యగారు హబక్కూకు తీయమన్నారు. అందరి పేజీలూ గలగలా తిరిగి ఆగిపోయాయి, నా పేజీలు మాత్రం ఆగలేదు. ఆ కాగితం ఉల్లిపొరలా ఉంటుంది కదా, వేలికి చెమట పట్టి రెండేసి మూడేసి అంటుకుపోతున్నాయి. పాత నిబంధన చివర నహూముకీ జెఫన్యాకీ మధ్య మూడే మూడు అధ్యాయాలు, ఎన్నిసార్లు తిప్పినా దాటిపోతోంది. పక్కన కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల నా చేతిలోంచి బైబిలు తీసుకుని తిప్పి, వేలు పెట్టి చూపించి ఇచ్చింది. ఆ పిల్ల మంచి మనసుతోనే చేసింది. కానీ ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. పుట్టినప్పటినుంచి సండే స్కూల్లో పెరిగిన పిల్లలకి నేనేం చెప్తాను, వాళ్లే నాకు చెప్పాలి కదా అనుకున్నాను. పిలుపు అనేది తెలిసినవాళ్లకి వస్తుంది, నాలాంటివాళ్లకి కాదు అని గట్టిగా నమ్మాను. పాస్టరమ్మగారు మూడోసారి ఏమీ అడగలేదు, ఫీజు కట్టేసి రసీదు నా చేతిలో పెట్టారు.

ఇక ట్రైనింగ్. మొత్తం అరవై మంది దాకా వచ్చాం, ముప్పావు వంతు ఆడవాళ్లే. మొదటి సాయంత్రం పరిచయాల తర్వాత ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, మీకు ఈ పని చేయడానికి అడ్డుగా ఉన్నదేంటో ఎదుటివాళ్లకి చెప్పుకోండి, ప్రార్థించుకోండి అన్నారు. నా జోడీ ఒక రిటైర్డ్ టీచరమ్మ, నాలుగో తరం విశ్వాసి. నా సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకుని, "నాకు అన్ని కథలూ నోటికొచ్చమ్మా, ముప్పై ఏళ్లుగా చెప్తున్నాను, చెప్తుంటే నాకే ఏమీ అనిపించడం లేదు, అలాంటిదాన్ని ఇంకా పిల్లల ముందు నిలబడొచ్చా అని నా భయం" అంది. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేయడం ఒక్కటే చేశాను. ఈ ఒక్క గంటకే 700 ఇవ్వొచ్చు అని నా అభిప్రాయం, అయితే మీకు దొరికే జోడీని బట్టి ఉంటుంది, మా వెనక వరసలో ఇద్దరు అరగంటా ఫోన్లు చూసుకున్నారు.

రెండో రోజు మొత్తం ఒకే అంశం, దేవుడు పిలిచినప్పుడు కాదన్నవాళ్లు. మోషే "ఎంతటివాడను" అన్నాడు, తర్వాత నోటి మాంద్యము, నాలుక మాంద్యము అన్నాడు, చివరికి ఇంకెవరినైనా పంపమన్నాడు. యిర్మీయా బాలుడనే అన్నాడు. ఇవి వేగంగా అయిపోయాయి, బాగానే చెప్పారు, కానీ అవన్నీ మనం ఆదివారాలు వినేవే. మిద్యానీయులనే శత్రువుల చేతిలోంచి తన జనాన్ని విడిపించడానికి దేవుడు పిలిచిన గిద్యోను దగ్గరికి వచ్చేసరికి చెప్పిన బ్రదర్ ఒక ప్రశ్న వేశారు. న్యాయాధిపతులు ఆరో అధ్యాయంలో గిద్యోను గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నాడని ఉంది, ఇక్కడ గానుగ అంటే మన నూనె గానుగ కాదు, ద్రాక్షపండ్లు తొక్కడానికి రాతిలో తొలిచిన తొట్టి, మరి గోధుమలు అక్కడ దుళ్లగొడితే ఏమవుతుంది, ఎవరైనా చెప్పగలరా అన్నారు.

ఎవరూ పలకలేదు. నేను లేచానని లేచాక గానీ నాకు తెలియలేదు.

మాది వ్యవసాయం ఇల్లు. పెళ్లయ్యేదాకా ప్రతి ఏడూ కళ్లంలో పనిచేశాను. పేడతో అలికి ఆరబెట్టిన కళ్లం మీద పనలు పరిచి నూర్చాక, గాలి ఎప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూసేవాళ్లం. మా నాన్న చేటెత్తి నెమ్మదిగా వంచితే గింజ కాళ్ల దగ్గర పడేది, తాలూ పొట్టూ అవతలికి ఎగిరిపోయేవి. గాలి పడిపోతే పని ఆగిపోయేది, లేదంటే ఇద్దరు చేరి చేటలతో విసరాలి. అందుకే కళ్లం ఎప్పుడూ మెరక మీద, నలువైపులా బయలుగా ఉన్నచోట వేస్తారు. ఇదంతా చెప్పి, "తొట్టిలో దిగి కొడితే గాలి తగలదండి, పొట్టంతా మనిషి కళ్లలోనే పడుతుంది, దురద, దగ్గు, రోజంతా కొట్టినా రెండు శేర్లు కూడా శుభ్రం కావు, మిద్యానీయులు ఎత్తుకుపోతారన్న భయం ఎంత లేకపోతే రైతన్నవాడు అలా చేస్తాడు" అన్నాను. హాలంతా నిశ్శబ్దం. ఆ బ్రదర్ చేతిలో పుస్తకం మూసేసి, "సిస్టర్, ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, దురద సంగతి నాకు తెలియదు" అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది నా నోట్‌బుక్‌లో ఇంకా ఉంది. అలా ఒళ్లంతా పొట్టుతో దాక్కుని ఉన్నవాడిని దూత పిలిచిన పిలుపు "పరాక్రమముగల బలాఢ్యుడా". గిద్యోను ఏమన్నాడు, మా కుటుంబం మనష్షే గోత్రంలో ఎన్నికలేనిది, మా ఇంట్లో నేను కనిష్ఠుడిని. ఆ లెక్క తప్పని దేవుడు అనలేదు, నువ్వు చాలా గొప్పవాడివి అని బుజ్జగించనూ లేదు, నేను నీకు తోడైయుందును అని మాత్రం అన్నాడు. ఈ మూడేళ్లుగా నేను ఎదురుచూసింది ఎవరైనా వచ్చి నీకు అన్నీ తెలుసు అంటారేమో అని. నాకు అన్నీ తెలియవు, ఇప్పటికీ తెలియవు. ఆయన తోడుంటానన్నది తెలిసినవాళ్లతో మాత్రమే అని ఎక్కడా రాసి లేదు కదా అని ఆ మధ్యాహ్నం మొదటిసారి అనిపించింది. అదే గిద్యోను తర్వాత ఇంకా నమ్మకం కుదరక గొఱ్ఱెబొచ్చు పెట్టి మరీ గుర్తు అడిగాడు, అదీ ఒకసారి కాదు రెండుసార్లు, అదీ కళ్లంలోనే. ఆ కళ్లం అన్న మాట మన తెలుగు బైబిల్లో చూసినప్పుడల్లా నాకు మా నాన్న చేట గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం మన ఒంగోలు చరిత్ర మీద అరగంట. చాలామందికి తెలిసే ఉంటుంది, నాకు తెలియదు. యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి చేత బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి చెప్పారు. 1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారట. ఆపింది మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అది విన్నప్పుడు నా పక్కనున్న టీచరమ్మ నా మోచేయి తట్టి, "మా ముత్తాత వాళ్లంతా ఆ నాటివాళ్లే, వాళ్లెవరికీ హబక్కూకు ఎక్కడుందో తెలిసి ఉండదు" అంది. నేను కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు ఇబ్బందులు. ఆడవాళ్ల పడకకి ఇచ్చిన హాల్లో నాలుగే ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగలేదు, ఏప్రిల్ ఉక్కలో నలభై మందిమి. బాత్రూములు మూడే, తెల్లవారుజామున నాలుగింటికే లేస్తే తప్ప ఆరున్నర ప్రార్థనకి అందుకోలేం. షుగర్ ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు ముందే అడిగి కింద గది రాయించుకోండి. భోజనం మాత్రం వంక పెట్టడానికి లేదు, రెండో రోజు గోంగూర పప్పు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. యాక్షన్ సాంగ్స్ మరీ ఎక్కువ నేర్పారు, పద్దెనిమిది పాటలు, వయసు పైబడినవాళ్లు వెనక నిలబడిపోయారు. ఆరు పాటలు చాలు, మిగతా టైంలో కథ చెప్పడం ప్రాక్టీసు చేయిస్తే బాగుండేది. మూడో రోజు ఒక్కొక్కరితో ఐదేసి నిమిషాలు కథ చెప్పిస్తామన్నారు, టైం చాలక సగం మందికి రాలేదు. భయంతో వచ్చినవాళ్లకి అన్నిటికంటే కావాల్సింది అదే, దానికే కోత పెట్టడం నాకు నచ్చలేదు, ఫీడ్‌బ్యాక్ కాగితంలో కూడా అదే రాశాను.

కిట్‌లో టీచర్ పుస్తకం, పది కథలకి ఫ్లాష్ కార్డులు, కంఠత వాక్యాల చార్టు, పాటలున్న పెన్‌డ్రైవ్. పుస్తకం తేలిక భాషలో ఉంది, పదో తరగతి చదివినవాళ్లకి ఏ కష్టమూ లేదు. కార్డులు పల్చన, మూడు రోజులు పిల్లల చేతుల్లో తిరిగితే మూలలు ముడుచుకుపోతాయి, ఊరికి రాగానే లామినేషన్ చేయించుకోండి, నాకు పది కథలకీ 300 అయింది.

మేలో మా వీబీఎస్‌కి 34 మంది వచ్చారు, నాకు రెండు మూడు తరగతుల పిల్లల్ని ఇచ్చారు, పదకొండు మంది. మొదటి రోజు చేతులు వణికాయి, ప్రార్థన మధ్యలో మాట తడబడింది. ఐదో రోజు గిద్యోను కథ. ఇంటినుంచి చేటా, ఒక డబ్బాలో పొట్టు తీయని సజ్జలూ పట్టుకెళ్లాను. ముందు షెడ్డు బయట గాలిలో పోసి చూపించాను, తర్వాత మూలన గోడల మధ్య కూర్చోబెట్టి పోశాను. పొట్టు మీద పడి పిల్లలు తుమ్ములు, కేకలు. ఒక బాబు కళ్లు నలుపుకుంటూ "టీచర్, మరి ఆయనకి దేవుడి మాట ఎలా వినపడింది, దగ్గుతా ఉంటే" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు, తెలియదనే చెప్పాను, రేపు అందరం ఆలోచించుకుని వద్దాం అన్నాను. మర్నాడు నలుగురు నాలుగు జవాబులతో వచ్చారు.

కిట్ గురించి ఇంకొకటి మర్చిపోయాను. గిద్యోను ఫ్లాష్ కార్డులో బొమ్మ తప్పు. అందులో గిద్యోను విశాలమైన పొలంలో, వెనక చెట్లు గాలికి ఊగుతుండగా నిలబడి గోధుమలు కొడుతున్నట్టు వేశారు. దాక్కున్న మనిషిని అలా వేస్తే కథే పోతుంది. పిల్లలకి ఆ కార్డు చూపించకుండా పక్కన పెట్టేశాను, ఫోన్ చేసి నిర్వాహకులకి చెప్పాను, రాసుకున్నారు, వచ్చే ప్రింటులో తొట్టి వేయిస్తామన్నారు. ఈసారి కూడా పేరిచ్చాను, చెల్లెళ్లిద్దరినీ వెంట తీసుకెళ్తున్నా, కిట్ చేతికి రాగానే ముందు ఆ కార్డే తీసి చూస్తాను.