మిన్నెసోటాలో పునాది: లోతుగా తవ్వాలా, ఫోమ్ పరచాలా?

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రం చలికి నేల పైపైన గడ్డకట్టి ఊరుకోదు. అక్కడి బిల్డింగ్ కోడ్ (ఇళ్ల నిర్మాణ నియమాలు) పునాది అడుగుభాగం దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతున ఉండాలంటుంది. ఉత్తరాన ఉన్న డులూత్ నగరంలో ఇల్లంటే అయిదడుగుల గొయ్యి అన్నమాట! అంతకంటే పైనే ఆపితే, మట్టిలోని నీరు పైకి పాకి మంచు పొరలుగా పేరుకుని గోడనే ఎత్తేస్తుంది. మెత్తటి ఒండ్రులో ఈ బెడద మరీ ఎక్కువ, ఇసుకలో తక్కువ.

రెండో పద్ధతి స్కాండినేవియాలో బాగా అలవాటైనది. ఇందులో పునాది లోతు ఒక అడుగు నుంచి అడుగున్నర దాకానే ఉంటుంది. గోడకి ఆనించి నిలువుగా, చుట్టూ నేలలో అడ్డంగా వేడిని బయటికి పోనివ్వని గట్టి ఫోమ్ పలకలు వేస్తారు. ఇంటి వేడి కింది మట్టిలోనే నిలుస్తుంది, కాబట్టి అది గడ్డకట్టదు. మూలలకి రెండు వైపుల నుంచీ చలి కొడుతుంది కాబట్టి అక్కడ పలకల వెడల్పు పెంచాలి. బయటికి కనిపించే ఫోమ్‌కి సిమెంటు పూత తప్పదు, లేదంటే ఎండకి పొడిపొడిగా రాలుతుంది.

తవ్వకం, కాంక్రీటు తగ్గుతాయి కాబట్టి స్లాబ్ ఇంటికి, అంటే నేల మీదే కాంక్రీటు పలక పోసి కట్టే ఇంటికి, నా ఓటు ఫోమ్‌కే. బేస్‌మెంట్ (నేల కింది అంతస్తు) కావాలంటే ఎలాగూ తవ్వాల్సిందే. ఇంటి వేడి అందని డెక్ (ఆరుబయటి చెక్క వేదిక) స్తంభాలకీ అంతే, లోతుగా దించడమే మేలు.