నలుగురుండే గదికి 1.8 లీటర్ల రైస్ కుక్కర్

మొదటిసారి ఇల్లు విడిచి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వంటి చోట ముగ్గురు నలుగురు కలిసి అద్దెకు దిగేవారు వంటింటికి ముందుగా ఏం కొనాలని అడిగితే, 1.8 లీటర్ల ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కొనమనే చెబుతాను. కూర, పప్పు, చారు వీధి చివరి కర్రీ పాయింట్‌లో పొట్లాలుగా దొరుకుతాయి గానీ, అన్నం మాత్రం ఇంట్లో వేడివేడిగా వండుకుంటేనే కడుపు నిండినట్టు ఉంటుంది. పైగా మా గదిలో ఒకరు రాత్రి షిఫ్టు నుంచి వచ్చే వేళకు మరొకరు ఆఫీసుకు బయలుదేరతారు కాబట్టి, పొయ్యి దగ్గర నిలబడి గంజి వార్చే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ కుక్కర్ గొప్పతనమంతా దాని అడుగున, స్ప్రింగు మీద నిలిచే చిన్న గుండ్రటి బిళ్ళలో ఉంది. గిన్నెలో నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరంతా ఇంకి వేడి మరికాస్త పెరగగానే అక్కడి అయస్కాంతం పట్టు వదిలి, మీట టక్కుమని లేచి ‘వార్మ్’లోకి మారుతుంది. అందువల్ల వంట రానివారు వండినా అన్నం మాడదు. సోనామసూరి బియ్యం కడిగి, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కాసేపు నాననిచ్చి మీట నొక్కితే చాలు. 700 వాట్ల కుక్కర్ అరగంట పనిచేసినా కరెంటు 0.35 యూనిట్ మించదు కనుక, బిల్లు పంచుకునే చోట దీని గురించి మాటామాటా పెరిగే అవకాశమే లేదు.

గిన్నె అడుగును మాత్రం ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి దించాలి. అక్కడ ఒక్క మెతుకు ఎండి అతుక్కున్నా గిన్నె ప్లేటుకు సరిగా ఆనక, అన్నం ఒకవైపు పలుకుగా మిగులుతుంది. గరిటె కూడా చెక్కదో, కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్‌దో వాడాలి. స్టీలు గరిటె గీతలు పడితే పూత ఉన్న గిన్నె త్వరగా పాడవుతుంది.

లోపాలూ లేకపోలేదు. కందిపప్పు ఇందులో మెత్తగా ఉడకడానికి చాలాసేపు పడుతుంది, దానికి ప్రెషర్ కుక్కరే కావాలి. బియ్యం ఎక్కువ పోస్తే గంజి మూత పక్కనుంచి చిమ్మి గట్టంతా జిగటవుతుంది. ‘వార్మ్’లో గంటల తరబడి ఉంచిన అన్నం అంచుల్లో గట్టిపడి పసుపు రంగుకు తిరుగుతుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చేవారి వాటా డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

ఒక లీటరు కుక్కర్ చవకే అయినా నలుగురికి రెండు వాయిలు వండాల్సి వస్తుంది. రెండు గిన్నెలతో వచ్చే మోడల్ దొరికితే అదే తీసుకోండి. డబ్బు అందరూ కలిపి వేసుకోకుండా ఒక్కరే పెట్టి, బిల్లూ వారంటీ కార్డూ వారి దగ్గరే ఉంచుకుంటే, గది ఖాళీ చేసేనాడు కుక్కర్ ఎవరిదన్న పేచీ ఉండదు.